ముందు ఎండలో పెట్టు

పిన్ని పోయిందన్న కబురు అందేసరికి నేను ఆవిడ మీద మండిపడుతున్నాను. పొద్దుట్నుంచి ఫోన్ చేస్తుంటే ఎత్తదు. గుండె డాక్టర్ అపాయింట్‌మెంట్ మళ్లీ క్యాన్సిల్ చేసుకుందని ముందురోజే తెలిసింది. ఎత్తగానే ఏమేం అనాలో ఆఫీస్‌లో కూర్చుని వరస పెట్టుకుంటున్నాను. ఇంతలో ఫోన్ మోగింది. నంబరు ఆవిడదే. "అసలేం మనిషివి పిన్నీ నువ్వు?" అని మొదలుపెట్టేశాను కూడా. అవతల ఉన్నది పక్కింటి అమెరికన్ ఆవిడ. పిన్ని మెయిల్‌బాక్స్ దగ్గర పడిపోయిందట. అంబులెన్స్ వచ్చిందట. వచ్చేటప్పటికే అయిపోయిందట.

ఆ తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. వాటిని ఎవరికి అప్పజెప్పాలో తెలియక అప్పట్నుంచీ కనపడినవాళ్లందరి మీదా విసుక్కుంటున్నాను. మన తెలుగువాళ్ల పత్రిక నడిపే ఆయన ఫోన్ చేసి, "మేడమ్ గారి గురించి రెండు పేజీలు రాయండమ్మా, కాస్త ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి" అన్నారు. ఇన్‌స్పైరింగ్ నా వల్ల కాదండీ, ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను. ఆయన సరే అన్నారు. కాబట్టి చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఆవిడ మా అమ్మకి చెల్లెలు. బాబాయి పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. నార్త్ కారొలైనాలో ఈ క్యారీ ఊళ్లో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య రెండు సిగ్నళ్లు. కమ్యూనిటీ కాలేజీలో రిటైరయ్యేదాకా ఫిజియాలజీ చెప్పింది. మీలో చాలామందికి మాత్రం ఆవిడ బల్లుల మేడమ్. ఈ విషయం ఇక్కడే తేల్చేయాలి, లేకపోతే ఎక్కడున్నా నన్ను వదలదు. అది బల్లి కాదు, తొండ. ఆస్ట్రేలియా తొండ. ఇక్కడి పిల్లలు బియర్డెడ్ డ్రాగన్ అంటారు, గడ్డం కింద ముళ్లముళ్లగా సంచిలాగా ఉంటుంది కాబట్టి. మూరెడు పొడవు, ఇసుక రంగు. ఎవరో స్టూడెంట్ ముచ్చటపడి కొనుక్కుని, మోజు తీరాక ల్యాబ్ బల్ల మీద వదిలేసి పోయాడు. పిన్ని దాన్ని క్లాసులో పెట్టుకుని పాఠాలు చెప్పింది. రిటైరైన రోజున పూలగుత్తి అక్కడే మర్చిపోయింది గానీ తొండని మాత్రం గాజు తొట్టితో సహా కార్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

పేరు పెట్టమని మా అమ్మాయి ఎంత బతిమాలినా పెట్టలేదు. "పేరెందుకే దానికి? పిలిస్తే వస్తుందా ఏమన్నా? ఎండ ఎక్కడుంటే అక్కడికి వస్తుంది" అనేది. ఆవిడ దాన్ని వీడు అనేది, ఇది అనేది, కోపం వస్తే ఏమయ్యా పెద్దమనిషీ అనేది.

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పర్సు ఉన్నా లేకపోయినా టెంపరేచర్ గన్ ఉండేది. గురి చూసి నొక్కితే దూరం నుంచే వేడి ఎంతుందో అంకె చూపించే చిన్న తుపాకీ అది. దాన్ని తొండ వీపుకే కాదు, దేనికి పడితే దానికి గురిపెట్టేది. కాఫీకి, పెనానికి, పసిపిల్లల పాలకి, పార్టీల్లో చల్లారిపోయిన సమోసాలకి. ఒకసారి గుళ్లో ప్రసాదం పులిహోరకి గురిపెడితే అయ్యవారు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తెలుసుకుంటే తప్పేంటే?" అంది, ఏమాత్రం తగ్గకుండా.

మా ఇంటికి వస్తే చెప్పులు విప్పకముందే థర్మోస్టాట్ చూసేది. మా ఆయనకి ఎండాకాలం వచ్చిందంటే ఏసీ ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో అరవై ఎనిమిదిలో ఉండాలి, లేకపోతే నిద్ర పట్టదు. "ఏమయ్యా అల్లుడూ, ఇంట్లో శవాన్ని గానీ పెట్టుకున్నావా?" అని అడిగేది. ఆయన నవ్వేవాడు. ఆవిడ డెబ్భై ఆరు చేసేది. ఆవిడ బాత్రూంకి వెళ్లగానే ఆయన మళ్లీ తగ్గించేవాడు. మధ్యలో నాకు తలనొప్పి వచ్చేది.

చలికాలంలో నా ఇడ్లీపిండి పులవదు. ప్రతి డిసెంబర్‌లోనూ అదే గోల. ఒకసారి విసుగెత్తి గిన్నె సింకులో పారబోయబోతుంటే ఆవిడ గన్ తీసి పిండికి గురిపెట్టింది. "దాని తప్పేముందే? ఇంత చలిలో పెట్టి పులవమంటే ఎలా పులుస్తుంది? మా తొండకీ ఇంతే. ఒంట్లో వేడి లేకపోతే తిన్నది అరగదు. పొట్టలోనే కుళ్లుతుంది. జనం ఏమో తిండి మానేసింది, అలిగింది, ప్రేమగా ఇంకో రెండు పురుగులు పెడదాం అని కూరేస్తారు. ముందు వెచ్చబెట్టాలి, తర్వాత పెట్టాలి తిండి" అంది. గిన్నెని ఓవెన్‌లో లైటు వేసి పెట్టించింది. మర్నాడు పొద్దున మూత లేచింది.

ఆవిడ పాఠం మొత్తం నిజానికి ఇంతే. మనం తిన్నదాంట్లో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే అయిపోతుంది. తొండ ఆ పొయ్యి పెట్టుకోలేదు. వేడి కావాలంటే ఎండలోకి నడుస్తుంది, చాలనుకుంటే నీడలోకి నడుస్తుంది. చలేస్తే నల్లబడుతుంది, నలుపైతే ఎండని ఎక్కువ లాక్కోవచ్చు. అట్టులా పరుచుకుంటుంది, ఒళ్లంతా ఎండ తగలాలని. వేడి ఎక్కువైతే నోరు తెరుచుకుని కూర్చుంటుంది. మరీ చల్లబడితే గుండె నెమ్మదిస్తుంది, కండరాలు మొరాయిస్తాయి, కళ్లు తెరవడానికి కూడా ఓపిక ఉండదు. "మనకి జబ్బు చేస్తే మంచం మీద పడుకున్నా జ్వరం దానంతటదే వస్తుంది. దీనికి జ్వరం కావాలంటే లేచి ఎండ దాకా నడిచి తెచ్చుకోవాలి. ఆలోచించు, జబ్బులో ఉండి నడవడం" అనేది. ఆ మాట చెప్పినప్పుడల్లా గొంతు కాస్త తగ్గేది. క్లాసులో కూడా అలాగే తగ్గేదేమో నాకు తెలియదు.

ఇంత చదువు చదివిన మనిషిని మనవాళ్లు ఏమడిగేవారో తెలుసా? ఉగాది పార్టీ అవనీ, ఎవరి గృహప్రవేశం అవనీ, ప్లేటు పట్టుకుని దగ్గరకొచ్చి, "మేడమ్, బల్లి కుడి భుజం మీద పడితే మంచిదేనా?" ఒకరని కాదు. ఐటీలో డైరెక్టర్లు, ఫార్మాలో పీహెచ్‌డీలు. ఆవిడ ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేది. "బల్లికి మంచిది కాదు. పైనుంచి పడింది కదా పాపం. ఆ గోడ చల్లగా ఉందేమో చూశారా?" వాళ్లు హహహ అని నవ్వి, "అది కాదు మేడమ్, పంచాంగంలో ఏముంటుందంటే..." అని మొదలుపెట్టేవారు.  ఒకసారి కార్‌లో తిరిగొస్తూ, "నేను తెలుగులో చెప్తున్నానా, తొండ భాషలో చెప్తున్నానా?" అంది. నవ్వులాటకి అన్న మాట కాదది.

పోయినేడు ఉమెన్స్ డేకి ఆవిడకి సన్మానం చేశారు కదా, మీరంతా ఉన్నారు. స్టేజ్ మీద యాంకర్ ఆవిడని పాముల మీద పరిశోధన చేసిన మహనీయురాలు అంది. పిన్ని మైకు దగ్గరకి వెళ్లి పాములు కాదమ్మా అనేలోపు శాలువా కప్పేశారు, ఫోటో తీసేశారు, తర్వాత డాన్స్ ఐటం మొదలైంది. మెరూన్ రంగు శాలువా, జరీ అంచు. ఇంటికొచ్చి సోఫా మీద పడేసింది. మా అమ్మాయి దాన్ని తీసి, "చిన్నమ్మమ్మా, లిజర్డ్‌కి కప్పనా? క్యూట్‌గా ఉంటుంది" అంటే పిన్ని గయ్యిమంది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. దుప్పటి వేడిని పుట్టించదు, లోపల ఉన్న వేడిని బయటికి పోనివ్వదు, అంతే. మన ఒంట్లో వేడి ఉంది కాబట్టి మనకి పనికొస్తుంది. తొండ ఒంట్లో దాచుకోవడానికి ఏముంది? కప్పితే బయటి వేడి కూడా లోపలికి రాదు. "చలి మూటగట్టి ఇచ్చినట్టే" అంది. ఆ శాలువా సోఫా చేతి మీదే మడత పెట్టి ఉండేది.

ఇక మీ అందరికీ ఆవిడ చెప్పే ఆ మాట సంగతి. రెండేళ్ల కిందటి చలికాలం నాకు లేఆఫ్ అయింది. అమ్మాయి కాలేజీలో చేరిన ఏడు. పొద్దున్నే పిన్ని ఇంటికి ఏడవడానికే వెళ్లాను, దాచుకోవడానికేముంది. ఆవిడ వెనకవైపు డెక్ మీద ఉంది. మెట్ల పక్కన చూపుడు వేలంత ఊరి బల్లి ఒకటి, ఈ కారొలైనాలో ఎండాకాలమంతా పచ్చగా గంతులేసే రకం, గోధుమరంగుకి తిరిగి కర్రపుల్లలా పడి ఉంది. ఆకులతోపాటు ఊడ్చేద్దామని చీపురు తీసుకున్నాను.

"ఆగు."

"చచ్చిపోయింది పిన్నీ."

"నీకెవరు చెప్పారు? రాత్రి ఫ్రీజింగ్. పొద్దున్నే చల్లటి బల్లిని చూసి చచ్చిందనడానికి లేదు. ముందు ఎండలో పెట్టు, తర్వాత ఏడువు."

దాన్ని ఎండుటాకు మీదకి ఎత్తి ఎండ పడుతున్న రెయిలింగ్ మీద పెట్టింది. నన్ను దాని పక్క కుర్చీలో కూర్చోమంది. కాఫీ తెచ్చింది. నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క అడగలేదు. కాఫీ సగంలో ఉండగా బల్లి కాలి వేళ్లు కదిలాయి. పూర్తయ్యేసరికి తలెత్తింది. ఇద్దరం చూస్తుండగానే రెయిలింగ్ కిందికి దిగి చెక్కల సందులోకి పోయింది. "ఇప్పుడు ఏడువు, ఏమైంది?" అంది పిన్ని. నాకేమో ఏడుపు వచ్చిన దారినే పోయింది. దానికీ కోపమే వచ్చింది నాకు, గుర్తుంది.

అప్పట్నుంచి ఆవిడకి అది ఊతపదమైపోయింది. కార్ స్టార్ట్ కాకపోయినా, గ్రీన్‌కార్డ్ ఆగిపోయినా, పెళ్లి సంబంధం తప్పిపోయి ఎవరైనా బెంగపడుతున్నా అదే మాట. నిజంగానే వాళ్లని లాక్కెళ్లి ఎండలో కూర్చోబెట్టేది.

ఈ జనవరిలో ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిడని చూడ్డానికి వెళ్లాను. చీర సర్ది, జుట్టు ఆవిడ ఎప్పుడూ తీయని పాపిట తీసి పడుకోబెట్టారు. ఆ గది ఎంత చల్లగా ఉందంటే మా ఆయన కూడా కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్తే మీరు నవ్వుతారు. కిటికీ ఎటుందా అని చూశాను. ఆ గదికి కిటికీ లేదు. కార్పెట్, టిష్యూ పెట్టె, గోడ మీద ఎవరిదో సముద్రం బొమ్మ. ఏడుపు రాలేదు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, నేను ఆ సముద్రం బొమ్మకేసి చూస్తూ పళ్లు కొరుకుతున్నాను.

న్యూజెర్సీ నుంచి మావయ్య, అత్తయ్య దిగారు. మావయ్య పిన్నికి అన్న. మంచివాడే, కానీ ఏ పనైనా ఆయన చేతిలోకి వెళ్లాలి, వెళ్తే ఇంకెవరూ ముట్టుకోకూడదు. దహనం అయ్యాక పిన్ని ఇంట్లోనే కార్యక్రమాలు జరగాలన్నాడు. సరే అన్నాను. ఫోటోకి దండ వేసి, దీపం పెట్టి, సాంబ్రాణి వేశారు. స్మోక్ అలారం గొల్లుమంది. అలారం ఆపడం ఎవరికీ చేతకాక తలుపులు, కిటికీలు బార్లా తెరిచి హీటింగ్ ఆపేశారు. మర్నాడు శాస్త్రిగారు వస్తారు కాబట్టి హాలు ఖాళీ చేసి కడిగారు. ఇదంతా నేను గుడి కిచెన్‌కి భోజనాలు చెప్పడానికి వెళ్లి, అక్కడ్నుంచి మా ఇంటికెళ్లిపోయిన సాయంత్రం జరిగింది. తొండకి వేడి కోసం తొట్టి మీద పెట్టిన ల్యాంప్ వెలుగుతూనే ఉందని నా ధీమా. పొద్దున చూసే వెళ్లాను మరి.

మర్నాడు పొద్దున్నే అట్లాంటా నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. పిన్ని గురించి ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది.

"అమ్మా, లిజర్డ్ ఓకేనా? ల్యాంప్ ఆన్‌లో ఉందా? ఐ మీన్, ఎవరు ఫీడ్ చేస్తుంది ఇప్పుడు?"

"ఉందే, వెళ్తున్నాను అక్కడికే."

"దాన్ని ఎవరికీ ఇవ్వొద్దమ్మా, ప్లీజ్. చిన్నమ్మమ్మది అదొక్కటే ఉంది మనకి."

అంత మాట ఎవరూ నాతో అనలేదు అప్పటిదాకా. ఇల్లు అమ్మేస్తారు, పుస్తకాలు డొనేట్ చేస్తారు, చీరలు పంచుతారు, మావయ్య అప్పుడే మాట్లాడేశాడు అవన్నీ. ఆవిడ రోజూ లేచి చూసుకున్న ప్రాణం ఇదొక్కటే. దీన్ని బతికించుకోవాలి అని సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పైకే అనుకున్నాను.

హాల్లో తొట్టి లేదు. తొట్టి ఉండే చోట చాప పరిచి ఉంది.

"తొండేది మావయ్యా?"

"గరాజ్‌లో పెట్టించానులే. తంతు జరిగే చోట పురుగూ పుట్రా ఏమిటి? పైగా ఆ లైటు. జూమ్‌లో ఇండియా వాళ్లకి ఫోటో కనపడట్లేదట, గ్లేర్."

"లైటు అక్కడ పెట్టారా?"

"గరాజ్‌లో ప్లగ్ ఎక్కడుందో కనపడలేదమ్మా" అంది అత్తయ్య. "పాపం చలేస్తుందని నేనే శాలువా కప్పాను. నిండుగా కప్పాను, మొహం కూడా కనపడకుండా. మెంతికూర కూడా పెట్టాను, ముట్టలేదు."

నేను గరాజ్ తలుపు తీసేసరికి నోట్లోంచి ఆవిరి వచ్చింది. కార్ పక్కన సిమెంట్ నేల మీద తొట్టి. అందులో మెరూన్ శాలువా ఉండ, జరీ అంచు బయటికి వేలాడుతూ. తీసి చూస్తే తొండ బొగ్గులా ఉంది. కాళ్లు వెనక్కి చాచుకుని, కళ్లు మూసుకుని, గడ్డం నేలకానించి. ఎత్తితే గుడ్డపేలికలా చేతిలో వేలాడింది. మూతి దగ్గర మెంతాకులు.

అత్తయ్య నా వెనకే వచ్చింది. చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆవిడ వెంటే వెళ్లిపోయిందమ్మా. ఎంత విశ్వాసం చూడు. మూగజీవి."

మావయ్య కూడా వచ్చాడు. కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "రుణానుబంధం" అన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు, ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టడానికి.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇన్నాళ్లుగా దాచుకున్నదంతా కలిపి వచ్చింది.

"రుణానుబంధం కాదు మావయ్యా, గరాజ్! ఆ ఫోన్ లోపల పెట్టు. ఇది చావలేదు. చచ్చిందో లేదో నీకెలా తెలుసు? ఒక్కరైనా ముట్టుకుని చూశారా? జీవితమంతా అరిచి చెప్పింది ఆ మనిషి, ఒక్కరికైనా ఎక్కిందా? పోయి పది రోజులైనా కాలేదు, చలి మూటగట్టి కప్పారు దీనికి. అదీ ఆ శాలువా!"

అత్తయ్య బిత్తరపోయింది. "మాకేం తెలుసమ్మా, చలేస్తే కప్పడమే కదా" అంది. పాపం ఆవిడ మాట నిజమే. చలేసినవాళ్లకి కప్పడం తప్ప మనకి ఇంకేం తెలుసు? ఆ క్షణంలో అది కూడా నాకు కోపంగానే ఉంది.

ఇల్లంతా ఐసులా ఉంది, పొయ్యి దగ్గర శాస్త్రిగారి కోసం వంట సరంజామా. బయట మాత్రం ఈ ఊరి జనవరి ఎండ, గాలి చురుక్కుమంటున్నా ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నా కార్ డ్రైవ్‌వేలో ఎండకి ఎదురుగా నిలబెట్టి ఉంది. శాలువా అక్కడే పడేసి తొండని రెండు చేతుల్లో పెట్టుకుని కార్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. లోపల అద్దాల వేడికి వెచ్చగా ఉంది. పక్క సీటు మీద, ఎండ పడే చోట దాన్ని బోర్లా పడుకోబెట్టాను. కాళ్లు ఒక్కొక్కటే సర్దాను. పిన్ని హ్యాండ్‌బ్యాగ్ పక్కింటావిడ ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో ఇంకా నా కార్‌లోనే ఉంది. గన్ తీసి వీపుకి గురిపెట్టాను. నలభై నాలుగు. ఫ్రిజ్‌లో పాలకీ దీనికీ పెద్ద తేడా లేదు.

అత్తయ్య అద్దం మీద తట్టి, హెయిర్ డ్రయర్ తెమ్మంటావా, హాట్ వాటర్ బ్యాగ్ తెమ్మంటావా అని సైగ చేసింది. వద్దన్నాను. ఉన్నట్టుండి కాల్చకూడదు. సూర్యుడు ఎలా ఇస్తాడో అలా ఇవ్వాలి అనేది పిన్ని. మెల్లిగా, ఒక వైపు నుంచి. హీటర్ కూడా వేయలేదు. కూర్చున్నాను.

యాభై ఒకటి. చలనం లేదు. ఛాతీ కదులుతోందా అని కళ్లార్పకుండా చూశాను, కదిలినట్టే ఉంటుంది, చూస్తే నా ఊపిరికి నా చేయే కదులుతోంది. శాస్త్రిగారి కార్ వచ్చి వీధిలో ఆగింది. మావయ్య పంచె కట్టుకుని, పైన వింటర్ జాకెట్ వేసుకుని వచ్చి కార్ ముందు నిలబడ్డాడు.

"రావే, ఆయనకి మళ్లీ ఇంకో చోటికి వెళ్లాలట. అందరూ జూమ్‌లో ఎదురు చూస్తున్నారు."

"నేను రాను."

"దాని కోసం చెల్లెలి కార్యం ఆపుకుంటామా? పోయిందమ్మా అది. ఒప్పుకోవాలి."

"ముందు ఎండలో పెట్టమంది కదా" అన్నాను. అద్దంలోంచి ఆయనకి వినపడిందో లేదో. ఆ మాట ఆయనకి కూడా ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. ఆయన కదల్లేదు. ఆయన నీడ సరిగ్గా తొండ మీద పడింది. గన్ మీద అంకె ఆగిపోయింది.

"మావయ్యా, ఎండకి అడ్డం నిలబడ్డావు. జరుగు!"

ఆయన కిందికి చూశాడు, తన నీడ ఎక్కడ పడిందో చూశాడు. ఒక అడుగు పక్కకి వేశాడు. 

అరవై దాటింది. నేను పిన్నిని తిట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు ఫోన్‌లో అనాల్సినవన్నీ, పైకే. అపాయింట్‌మెంట్ ఎందుకు క్యాన్సిల్ చేశావు? తొండ గుండె గురించి ఊరంతటికీ చెప్పావే, నీ గుండె ఎవరు చూస్తారనుకున్నావు? నొప్పి వస్తోందని ఒక్కసారైనా అన్నావా? రెండు సిగ్నళ్ల అవతల ఉన్నాను కదా. అంత చలిలో మెయిల్ తెచ్చుకోకపోతే కొంపలేమైనా మునిగాయా?

డెబ్భై ఒకటి. కుడి కన్ను రెప్ప కింద ఏదో కదిలింది. నేను తిట్టడం ఆపాను. మళ్లీ ఏమీ లేదు. తర్వాత ముందు కాలి వేళ్లు, ఒకటి, ఇంకొకటి, సీటు గుడ్డని పట్టుకున్నాయి. పక్కటెముకలు ఉబ్బాయి, ఈసారి నా ఊపిరి కాదు. కన్ను సగం తెరిచింది. నన్ను చూడలేదు. అద్దం వైపు, ఎండ వచ్చే వైపు ఒళ్లంతా వంచి, మెల్లిగా అట్టులా పరుచుకుంది, ఒక్క చుక్క ఎండ వృథా పోకూడదన్నట్టు. అంచుల దగ్గర బొగ్గు రంగు విరిగి ఇసుక రంగు రావడం మొదలైంది.

"పెట్టాను పిన్నీ, ఎండలో పెట్టాను" అన్నాను.

ఇక అప్పుడు ఏడ్చాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, తలుపులు వేసుకుని, గొంతు పోయేలా ఏడ్చాను. ఎవరూ ఆపలేదు.

తలెత్తి చూసేసరికి మావయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. శాస్త్రిగారిని ఆగమన్నాడట. పంచె గాలికి కొట్టుకుంటోంది, చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నాడు. ఎండ కాస్త జరిగింది. ఆయన కారు బానెట్ వైపు ఒకసారి చూసుకుని, తన నీడ మా మీద పడకుండా ఇంకో అడుగు పక్కకి వేసి నిలబడ్డాడు.